అడిగే కులం, అడగని కులం
(రియల్ ఎస్టేట్ కంపెనీల సుస్థిరత నివేదికల మీద ఒక పరిశీలన)

1

హైదరాబాదులో గది కోసం తిరిగిన దళిత విద్యార్థి ఎవరికైనా ఒక ప్రశ్న కంఠతా వచ్చి ఉంటుంది. టు-లెట్ బోర్డు చూసి గేటు కొడతాం. ఇంటావిడ బయటికొస్తుంది. గది చూపిస్తుంది, అద్దె చెప్తుంది, నీళ్ళు ఏ వేళకొస్తాయో చెప్తుంది. అంతా కుదిరిందనుకునే వేళకి గొంతు కాస్త తగ్గించి "మీరేమిట్లు బాబూ?" అంటుంది. పరిశోధన కోసం ఈ ఊరొచ్చిన మొదటి ఏడాది ఈ ప్రశ్న నేనూ విన్నాను. ఉన్నదున్నట్టు చెప్పాను. "మా అబ్బాయిని అడిగి చెప్తాలే" అంది. ఆ అబ్బాయి ఏమన్నాడో నాకు ఇవ్వాళ్టికీ తెలీదు. బోర్డు మాత్రం ఇంకో పదిహేను రోజులు ఆ గేటుకి వేలాడుతూనే ఉంది.

ఈ పత్రిక పాఠకులకు ఇది కొత్త కథ కాదు. మళ్ళీ చెప్పడానికి కారణం వేరే ఉంది. ఇదే ఊళ్ళో, హైటెక్ సిటీ వైపు అద్దాల మేడల్లో, ఇంకో రకం కిరాయిదారు ఉన్నాడు. అతన్ని 'టెనెంట్' అంటారు. అతను మనిషి కాదు, కంపెనీ. మేడ కట్టిన రియల్ ఎస్టేట్ కంపెనీ ఏటా ఒక నివేదిక వేస్తుంది. మెరిసే కాగితం, పచ్చటి ఆకుల బొమ్మలు. అందులో 'మా టెనెంట్లకు మేం ఎలా తోడ్పడుతున్నాం' అని ఒక అధ్యాయం ఉంటుంది. 'మా సప్లయర్లను సుస్థిరత వైపు ఎలా నడిపిస్తున్నాం' అని ఇంకో అధ్యాయం ఉంటుంది. టెనెంట్ తృప్తిగా ఉన్నాడా లేడా అని సర్వే చేస్తారు, సమావేశాలు పెడతారు, కరెంటు ఎలా తగ్గించుకోవాలో నేర్పుతారు. ఆ టెనెంటుని ఎవరూ "మీరేమిట్లు?" అని అడగరు.

ఒక గేటు దగ్గర కులం అడుగుతారు. ఇంకో గేటు దగ్గర అడగరు. పైకి చూస్తే మొదటిది పాత సమాజం, రెండోది కొత్త సమాజం అనిపిస్తుంది. అడక్కపోవడమే ఆధునికత అని మనకి చెప్తారు కూడా. ఆ నివేదికలను కాస్త నిదానంగా చదివితే ఈ నమ్మకం నిలబడదు. అదెలాగో చూపించడమే ఈ వ్యాసం పని.

2

ముందు ఈ నివేదికలు ఎందుకు పుట్టాయో చూద్దాం. కంపెనీలకు ఉన్నట్టుండి భూమి మీద ప్రేమ కలగలేదు. మేడలు కట్టే పెట్టుబడిలో పెద్ద భాగం పెన్షన్ ఫండ్ల నుంచీ, విదేశీ సంస్థల నుంచీ వస్తుంది. ఆ పెట్టుబడిదారులు తమ డబ్బు ఎలాంటి భవనాల్లో ఉందో కొలవడానికి 2009లో గ్రెస్బ్ అనే కొలబద్ద పెట్టుకున్నారు. టెనెంట్లతో ఏం చేస్తున్నారు, సప్లయర్లతో ఏం చేస్తున్నారు అని అందులో ప్రశ్నలుంటాయి, వాటికి మార్కులుంటాయి. మన దేశంలో మొదటి రీట్, అంటే అద్దెలొచ్చే భవనాల్లో జనం వాటాలు కొనుక్కునే ట్రస్టు, 2019లో షేర్ల బజారుకొచ్చింది. అక్కడి నుంచి ఈ భాష మన దగ్గర బాగా పాతుకుపోయింది.

ఇందులో పసలేదని నేననడం లేదు. ఆఫీసు మేడల్లో కరెంటు ఎక్కువగా ఖర్చయ్యేది యజమాని చేతిలో ఉన్న లిఫ్టులూ వరండాల దగ్గర కాదు, అద్దెకున్న కంపెనీల అంతస్తుల్లో. అంటే టెనెంటు సహకరించకపోతే యజమాని లెక్క తగ్గదు. అందుకే 'గ్రీన్ లీజు' అని ఒప్పందంలోనే షరతులు రాస్తారు: మీటర్లు విడివిడిగా పెట్టాలి, వాడకం లెక్కలు ఒకరికొకరు ఇచ్చుకోవాలి, ఏసీలు ఫలానా రకం వాడాలి. సప్లయర్ల సంగతీ అంతే. మేడ మోసే కాలుష్యంలో పెద్ద వాటా సిమెంటుదీ, ఉక్కుదీ. అవి కంపెనీ తయారుచేయదు, కొంటుంది. కాబట్టి అమ్మేవాడిని ప్రశ్నించాలి, ప్రవర్తనా నియమావళి మీద సంతకం పెట్టించాలి. ఇదంతా నిజమైన పనే. ఎండలు ముదిరితే మొదట కాలేది వాడలోని రేకుల ఇళ్ళే కాబట్టి మనకీ అవసరమైన పనే.

కానీ ఇక్కడో సంగతి గమనించాలి. తన గోడల బయట జరిగేదానికి కూడా తనే బాధ్యత వహిస్తానని కంపెనీ ఈ అధ్యాయాల్లో ఒప్పుకుంటోంది. సిమెంటు బట్టీలో వచ్చే పొగకి నాదీ బాధ్యతే అంటోంది. టెనెంటు వేసుకునే బల్బుకి నాదీ బాధ్యతే అంటోంది. చాలా పెద్ద మాట ఇది. ఇంత దూరం చూడగలిగిన కళ్ళు తన మేడలోనే మరుగుదొడ్డి కడిగే మనిషిని ఎంత వరకు చూస్తున్నాయి? మన ప్రశ్న అది.

3

కంపెనీ తన ఇష్టానికి రాసుకున్న మాటల్ని పక్కనపెట్టి, చట్టం పెట్టిన ఫారం చదువుదాం. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021లో బిఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక నమూనా ఇచ్చింది. 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలకు అది తప్పనిసరి. పెద్ద రియల్ ఎస్టేట్ కంపెనీలూ అందులో ఉన్నాయి.

ఈ ఫారంలో ఉద్యోగుల పట్టిక ఉంది. మగ ఎందరు, ఆడ ఎందరు, వికలాంగులెందరు అని గడులున్నాయి. పర్మినెంటు ఎందరు, పర్మినెంటు కానివాళ్ళెందరు అని కూడా ఉంది. కనీస వేతనం దగ్గర గడులు, ప్రమాదాల దగ్గర గడులు. నీళ్ళు ఎన్ని కిలోలీటర్లు, చెత్త ఎన్ని టన్నులు, దానికీ గడులే. కులానికి మాత్రం గడి లేదు. మేడకి వేసిన రంగులో ఏ రసాయనం ఎంతుందో చెప్పగలిగిన కంపెనీ, ఆ మేడ ఊడ్చేవాళ్ళలో షెడ్యూల్డ్ కులాలవాళ్ళు ఎందరో చెప్పనక్కర్లేదు.

'బలహీన, అంచులకు నెట్టబడ్డ వర్గాలు' అన్న మాట ఫారంలో ఉంది, లేదనను. ఆ వర్గాలు నడిపే సప్లయర్ల దగ్గర ప్రాధాన్యంతో కొనే విధానం మీకుందా, ఉంటే ఏ వర్గాలు, మొత్తం కొనుగోళ్ళలో ఎంత శాతం అని ఒక ప్రశ్నే ఉంది. చదవగానే మనసు కాస్త చల్లబడుతుంది. కానీ ఆ ప్రశ్న తప్పనిసరి భాగంలో లేదు. 'నాయకత్వ సూచికలు' అనే ఐచ్ఛిక భాగంలో ఉంది. అంటే ఇష్టమైతే రాయొచ్చు, లేకపోతే లేదు. రాసినా 'అంచులకు నెట్టబడ్డ వర్గం' అంటే ఎవరో కంపెనీయే తేల్చుకుంటుంది. ఎవరు నెట్టారో, ఏ అంచుకు నెట్టారో చెప్పకుండా మాట్లాడే సౌకర్యం ఆ పదంలో ఉంది. 'బలహీన వర్గాలు' అన్న పాత సర్కారు మాటకి ఇది కార్పొరేట్ తర్జుమా.

అన్నిటికంటే ముఖ్యమైనది సప్లయర్ నిర్వచనం. కంపెనీ తనతో పాటు తన 'విలువ గొలుసు'లో ఉన్నవాళ్ళ సంగతి కూడా చెప్పాలని సెబీ 2023లో అన్నది. కంపెనీలు గోల పెట్టాయి. 2025 మార్చి నాటికి అది మొదటి 250 కంపెనీలకు స్వచ్ఛందం అయింది. గొలుసులో ఎవరుంటారనేదానికి ఒక గీత కూడా గీశారు. కంపెనీ మొత్తం కొనుగోళ్ళ విలువలో 2 శాతం, ఆ పైన వాటా ఉన్న సప్లయర్లనే లెక్కలోకి తీసుకోవచ్చు. మొత్తం మీద 75 శాతం చేరితే అక్కడితో ఆపెయ్యొచ్చు.

వేల కోట్ల కొనుగోళ్ళు చేసే మేడల కంపెనీకి 2 శాతం దాటే సప్లయర్లెవరు? సిమెంటు, ఉక్కు, లిఫ్టులు, అద్దాలు, పెద్ద నిర్మాణ కాంట్రాక్టర్లు. హౌస్‌కీపింగ్‌కి మనుషుల్ని పంపే చిన్న ఏజెన్సీ, చెత్త ఎత్తుకెళ్ళే లారీవాడు, మురుగు ట్యాంకు తీసే మేస్త్రీ ఆ గీత దాటగలరా? దాటలేరు. ఎందుకంటే వాళ్ళ పనికి ఇచ్చే డబ్బు తక్కువ. ఎందుకు తక్కువ? ఆ పని చేసే మనుషుల కులం తక్కువనుకున్నారు కాబట్టి. ఆ తక్కువ కూలి కారణంగానే వాళ్ళు 'విలువ గొలుసు'లో విలువ లేనివాళ్ళయ్యారు. ముందు ధర తగ్గించడం, తర్వాత ధర తక్కువ గనుక లెక్కలోకి రావని చెప్పడం. ఈ ఏర్పాటు మనకి బాగా పరిచయమైనదే. పల్లెలో ఊరుకి పొలిమేర గీశారు, వాడ పొలిమేర అవతల పడింది. పొద్దున్నే ఊళ్ళోకొచ్చి ఊరు శుభ్రం చెయ్యాలి, సాయంత్రానికి గీత దాటిపోవాలి. ఇప్పుడు గీత శాతాల్లో ఉంది, అంతే తేడా.

4

ఈ గీత అవతల ఏం జరుగుతోందో ఒక ఉదాహరణతో చూద్దాం. పచ్చ భవనాల చరిత్రలో హైదరాబాదుకి పేరుంది. హరిత భవనాలకు ముద్రలిచ్చే సంస్థ కేంద్రం ఇక్కడే, హైటెక్ సిటీ పక్కనే ఉంది. 2004లో రాష్ట్రపతి కలాం ప్రారంభించిన ఆ భవనం, అమెరికా బయట మొదటిసారి ప్లాటినం ముద్ర పొందిన భవనమని చెప్పుకుంటాం. ఈ ముద్రల్లో నీటికి మంచి మార్కులుంటాయి. వాడిన నీటిని శుద్ధిచేసి మళ్ళీ ఫ్లష్‌కీ, మొక్కలకీ వాడితే మార్కులొస్తాయి. దానికి మేడ కింద మురుగు శుద్ధి ప్లాంటు కావాలి. ప్లాంటుకి ట్యాంకులుంటాయి. ట్యాంకుల్లో బురద పేరుకుంటుంది, విషవాయువు పుడుతుంది. దాన్ని ఎవరో ఒకరు తియ్యాలి. నివేదికలో మాత్రం 'ఇన్ని లక్షల లీటర్ల నీరు పునర్వినియోగం' అని ఒక్క అంకె కనిపిస్తుంది. ఆ వాక్యంలో కర్త ఉండడు.

2018 సెప్టెంబరులో ఢిల్లీ మోతీనగర్‌లో ఒక ఖరీదైన అపార్టుమెంటు సముదాయంలో మురుగు శుద్ధి ట్యాంకులో దిగి అయిదుగురు కార్మికులు చనిపోయారు. కట్టింది ఒక కంపెనీ, సముదాయం నిర్వహణ ఇంకో కంపెనీది, ట్యాంకు పని మూడో ఏజెన్సీకి ఇచ్చారు. ఎవరిని అడిగితే వాళ్ళు పక్కవాడిని చూపించే గొలుసు అది. అంతకు రెండేళ్ళ ముందు, 2016 ఆగస్టులో, మన మాదాపూర్‌లోనే మ్యాన్‌హోల్‌లో నలుగురి ప్రాణాలు పోయాయి. చుట్టూ అద్దాల మేడలే.

చనిపోయిన ప్రతి ఒక్కరూ దళితులే అని నేననడం లేదు. అనక్కర్లేదు కూడా. ఆ పనికి కులం అంటుకుని ఉంది. ఆ ట్యాంకులో ఎవరు దిగినా దిగిన క్షణంలో అతనికి వెలివాడ మనిషి ప్రాణానికి కట్టే ధరే కడతారు. తాడు అక్కర్లేదు, మాస్కు అక్కర్లేదు, వాయువు కొలిచే పరికరం అక్కర్లేదు అనుకోవడానికి ధైర్యం ఎక్కడిది? వందల ఏళ్ళుగా ఆ పని చేసినవాళ్ళు చచ్చినా అడిగే నాథుడు లేడన్న అనుభవం ఇచ్చిన ధైర్యం అది.

ఆ పని ఎవరు చేస్తున్నారో తెలియదనే మాట ఇప్పుడు చెల్లదు. నమస్తే పథకం కింద కేంద్ర సామాజిక న్యాయ శాఖ మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకుల కార్మికుల వివరాలు సేకరించింది. 2024లో బయటికొచ్చిన లెక్క ప్రకారం 29 రాష్ట్రాలు, కేంద్ర పాలిత ప్రాంతాల్లో నమోదైన 38,000 మందిలో 68.9 శాతం షెడ్యూల్డ్ కులాలు, 14.7 శాతం ఇతర వెనుకబడిన కులాలు, 8.3 శాతం షెడ్యూల్డ్ తెగలు. సర్కారు అడిగింది, జవాబు వచ్చింది. ప్రపంచమేమీ తల్లకిందులు కాలేదు. మునిసిపాలిటీ చెయ్యగలిగిన లెక్క మార్కెట్లో మొదటి వెయ్యిలో ఉన్న కంపెనీకి ఎందుకు చేతకాదు?

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాల్వలోకీ, సెప్టిక్ ట్యాంకులోకీ దించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఈ చట్టం మునిసిపాలిటీకే కాదు, ఏ వ్యక్తికైనా, ఏ ఏజెన్సీకైనా వర్తిస్తుంది. 1993 తర్వాత ఇలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ తీర్పు ఊరికే రాలేదు. సఫాయి కర్మచారి ఆందోళన్ మనుషులు ఊరూరా తిరిగారు. పొడి మరుగుదొడ్లు లేనేలేవని సర్కార్లు చెప్పిన చోటల్లా వాటిని లెక్కపెట్టి, ఫోటోలు తీసి, 2003లో కోర్టుకెక్కారు. ఆ ఉద్యమానికి ముందు నిలిచిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు మాట్లాడే పాకీ కార్మిక కుటుంబంలో పుట్టినవాడు. లెక్కపెట్టడం మనకి గుమాస్తా పని కాదు, పోరాటంలో భాగం. లేదని చెప్పినదాన్ని ఉందని రుజువు చెయ్యడానికి మనకున్న ఆయుధం అది.

5

ఇప్పుడు టెనెంటు దగ్గరికి తిరిగొద్దాం. మేడ ఊడ్చే మనిషి కూడా ఎక్కడో ఒకచోట కిరాయికే ఉంటుంది. ఆమె కిరాయి గది ఏ నివేదికలోనూ రాదు. ఆమెనీ ఎవరో ఒకరు "మీరేమోళ్ళు?" అని అడిగే ఉంటారు.

మన చరిత్రలో అందరికీ తెలిసిన కిరాయిదారు అంబేద్కర్. 1917లో కొలంబియాలో చదువుకుని వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరిన మనిషికి ఊళ్ళో తలదాచుకునే చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని కొన్ని రోజులు గడిపాడు. నిజం బయటపడ్డ రోజు కర్రలు పట్టుకుని మనుషులొచ్చి వెళ్ళగొట్టారు. సాయం అడిగితే ఇద్దరు స్నేహితులూ, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు, ఏదో సాకు చెప్పి తప్పుకున్నారు. రాత్రి బండికి బొంబాయి వెళ్ళిపోయే దాకా పబ్లిక్ గార్డెన్‌లో కూర్చున్నాడు. చదువూ, ఉద్యోగమూ, చేతిలో కిరాయి డబ్బూ అన్నీ ఉన్నాయి. లేనిదల్లా గేటు దగ్గర చెప్పుకోగలిగిన కులం.

అదే మనిషి 1948లో రాజ్యాంగ సభలో దుకాణాల్లోకి ప్రవేశంపై వివక్ష కూడదనే అధికరణం చర్చకొచ్చినప్పుడు 'దుకాణం' అన్న మాటకి విశాలమైన అర్థం చెప్పాడు. డబ్బు తీసుకుని జనానికి సేవ అమ్మే ప్రతి చోటూ అందులోకి వస్తుందన్నాడు. 2011లో వైద్య విద్యకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఆ విశాలార్థాన్నే ఎత్తుకుంది. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షను ఇంకా సూటిగా ఉంది. అంటరానితనం కారణంగా ఒక మనిషిని ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, కొనుక్కోకుండా, అందులో ఉండకుండా అడ్డుకోవడం నేరం. చట్టం అంత పాతది. "మా అబ్బాయిని అడిగి చెప్తా" అన్న మాట అంతకంటే పాతది. ఇంకోపక్క 2005లో ఇదే సుప్రీంకోర్టు, ఒక సహకార గృహ సంఘం సభ్యత్వాన్ని తన సమాజం వాళ్ళకే పరిమితం చేసుకోవడం రాజ్యాంగ విరుద్ధం కాదంది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ఇల్లు దొరికే హక్కుని మింగేసింది.

మరి టెనెంట్లకు తోడ్పడతామనే కంపెనీ ఇక్కడ చెయ్యగలిగింది ఏమీ లేదా? చాలా ఉంది. అపార్టుమెంట్లు కట్టి అమ్మేటప్పుడు నిర్వహణ నియమాలు మొదట రాసేది కంపెనీయే. పనివాళ్ళకి వేరే లిఫ్టు అని గీత గీసేది అక్కడే. కట్టినవాళ్ళు గీసిన ఆ గీతని తర్వాత సంఘం వాళ్ళు ధర్మశాస్త్రంలా కాపాడతారు. 'శాకాహారులకు మాత్రమే' అన్న మాటకి కులం పేరు అక్కర్లేదు, పని జరిగిపోతుంది. గ్రీన్ లీజులో ఏసీ ఎన్ని డిగ్రీల మీద పెట్టాలో షరతు రాయగలిగిన చెయ్యి, కులం మతం చూసి కిరాయికి నిరాకరించకూడదని ఒక షరతు రాయలేదా? బల్బు మార్చమని టెనెంటుకి చెప్పగలిగినవాడు, మా మేడలో పనిమనిషికీ అదే లిఫ్టు అని చెప్పలేడా? చెప్పగలడు. ఆ షరతుకి గ్రెస్బ్ మార్కులివ్వదు కాబట్టి చెప్పడు.

6

"కులం లెక్కలు అడగడమంటే కులాన్ని పెంచడమే కదా" అని పెద్దమనుషులు అంటారు. అలా అనేవాళ్ళు బయటి దేశాల వైపు ఓసారి చూడాలి. ఈ నివేదికల నమూనాలు అక్కడి నుంచే తెచ్చుకున్నాం కదా.

దక్షిణాఫ్రికాలో 2003లో నల్లవాళ్ళ ఆర్థిక సాధికారత చట్టం వచ్చింది. దాని కింద రియల్ ఎస్టేట్ రంగానికి ప్రత్యేకంగా ఒక నియమావళి 2012లో వచ్చింది. ఎవరి దగ్గర కొంటున్నావు, ఆ సప్లయర్ సంస్థలో నల్లవాళ్ళ యాజమాన్యం ఎంత అన్నదానికి కంపెనీలకు మార్కులుంటాయి. ఆస్ట్రేలియాలో ఆదివాసుల యాజమాన్యంలో ఉన్న వ్యాపారాల జాబితా పెట్టి, కొనేవాళ్ళతో కలిపే సంస్థ 2009 నుంచి నడుస్తోంది. అక్కడి పెద్ద రియల్ ఎస్టేట్ కంపెనీలు ఆ వ్యాపారాల దగ్గర ఎంత కొన్నామో తమ సుస్థిరత నివేదికల్లో రాసుకుంటాయి. ఆ దేశాల్లో అన్యాయం పోయిందని చెప్పను. కానీ అణచివేతకి పేరు పెట్టి లెక్కపెట్టడం వాళ్ళ నివేదికల్లో ఉంది. ఆ నివేదికల నుంచి ఆకుల బొమ్మలు తెచ్చుకున్నాం, ఆ గడి మాత్రం వదిలేసొచ్చాం.

ఈ ఆలోచన మనకి పరాయిది కూడా కాదు. 2002 జనవరిలో భోపాల్‌లో దళిత మేధావులు చేసిన ప్రకటనలో సర్కారు కొనుగోళ్ళలో దళిత సప్లయర్ల వాటా గురించి ఉంది. కంపెనీలు సుస్థిరత మాట పట్టుకోక ముందే మనవాళ్ళు ఆ డిమాండు పెట్టారు. 2012లో కేంద్రం తెచ్చిన కొనుగోళ్ళ విధానం ప్రకారం కేంద్ర శాఖలూ, ప్రభుత్వ రంగ సంస్థలూ తమ కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. ప్రైవేటు కంపెనీలకి అలాంటిదేమీ లేదు. 2006 తర్వాత పారిశ్రామిక సంఘాలు స్వచ్ఛంద నియమావళి ఒకటి రాసుకున్నాయి. చట్టం వస్తుందన్న భయం ఉన్నన్నాళ్ళూ స్వచ్ఛందం బాగా మాట్లాడింది. భయం పోయాక దాని గొంతు వినపడలేదు.

అయితే ఇక్కడ మనలో మనం మాట్లాడుకోవాల్సింది ఒకటుంది. దళిత సప్లయర్‌కి కాంట్రాక్టు వస్తే సమస్య తీరిపోతుందా? హౌస్‌కీపింగ్ ఏజెన్సీ యజమాని మనవాడే అయినా, ట్యాంకులోకి మాస్కు లేకుండా మనిషిని దింపితే దిగినవాడి ఊపిరి అలాగే ఆగుతుంది. కాంట్రాక్టు దక్కడం ఒక హక్కు, ట్యాంకులో దిగకుండా ఉండడం ఇంకో హక్కు. మొదటిది ఇచ్చి రెండోదాన్ని మరిపించే ప్రయత్నం జరుగుతుంది. జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో మాట. 'దళితులు' అని ఒక్క గడి పెట్టినా చాలదు. కోస్తా పట్టణాల్లో ఈ పని ఎక్కువగా రెల్లి కులస్తుల మీద పడింది. హైదరాబాదులో మాదిగలు, మెహతర్లు చేస్తూ వచ్చారు. లెక్కల్లో ఎస్సీ అని ఒక్క మాటే ఉంటే కాంట్రాక్టులు ఒకరికీ, చీపుర్లు ఇంకొకరికీ పోతాయి. 1994లో మొదలైన దండోరా ఉద్యమం ముప్ఫై ఏళ్ళపాటు మొత్తుకున్నది ఇదే. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు వర్గీకరణకు ఒప్పుకుంది, 2025లో తెలంగాణలో చట్టం అమల్లోకొచ్చింది. 2024లో తెలంగాణ సర్కారు ఇంటింటికీ తిరిగి కులం రాసుకుంది. రాబోయే జనగణనలో కులం అడుగుతామని 2025లో కేంద్రమూ ప్రకటించింది. సర్కారు అడగడానికి ఒప్పుకున్నాక, అడక్కుండా తప్పించుకునే చోటు కార్పొరేట్ ఫారం ఒక్కటే మిగిలింది.

7

ఈ నివేదికలను చదవడం మనం మొదలుపెట్టాలి. ఇంగ్లీషులో ఉంటాయి, మెరుస్తుంటాయి, మనకెందుకులే అనుకోవద్దు. అవి బహిరంగ పత్రాలు, ఎవరైనా అడిగి చూడొచ్చు. చదివేటప్పుడు చేతిలో నాలుగు ప్రశ్నలు పెట్టుకోవాలి. మీ మేడలు ఊడ్చేవాళ్ళు, మురుగు తీసేవాళ్ళు ఎందరు, వాళ్ళ కులాల లెక్క ఏది? డబ్బు విలువ ఎంతైనా సరే, మనిషి ప్రాణానికి ప్రమాదమున్న ప్రతి కాంట్రాక్టూ మీ సప్లయర్ల పట్టికలో ఉందా? మీ శుద్ధి ప్లాంటు ట్యాంకుల్ని యంత్రం తీస్తోందా, మనిషి తీస్తున్నాడా? మీరు కట్టిన ఇళ్ళల్లో కిరాయికి పోయే దళితుడికి, ముస్లింకి మీ నియమాలు ఏ హామీ ఇస్తున్నాయి?

2 శాతం గీతని చెరిపేసే సూత్రం కూడా కష్టమైంది కాదు. సప్లయర్‌ని రూపాయల్లో కొలవడం మానేసి ప్రమాదంలో కొలిస్తే చాలు. ఉక్కు కంపెనీ కంటే ముందు ట్యాంకు మేస్త్రీ పేరు వస్తుంది.

మొదట్లో చెప్పిన ఇంటావిడ దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆమె నన్ను కులం అడిగింది, ఎందుకంటే జవాబు చెప్తే నన్ను బయటికి పంపొచ్చు. కంపెనీ అడగదు, ఎందుకంటే జవాబు వస్తే లోపలికి తెచ్చుకోవాల్సి ఉంటుంది. వెళ్ళగొట్టడానికైతే అడుగుతారు, బాధ్యత మీద పడుతుందంటే అడగరు. ఇద్దరికీ జవాబు ముందే తెలుసు. ఆ ఇంటావిడ కనీసం నా మొహం చూసి అడిగింది. వెయ్యి కంపెనీల నివేదికలు మొహం పక్కకి తిప్పుకుని నీళ్ళ లెక్కలు చెప్తున్నాయి. ఆ నీళ్ళు ఎవరి చేతుల మీదుగా శుభ్రమయ్యాయో రాయించడం ఇక మన పని.